కెమెరా బాడీ మార్చాలా, లెన్సు కొనాలా? శ్రావణం ముహూర్తాల ముందు ఒక లెక్క

జ్యేష్ఠం చివర్లో మా చిన్నాన్న కొడుకు కొర్లగుంట నుంచి నేరుగా మా స్టూడియోకి వచ్చి, బ్యాగు కౌంటరు మీద పెట్టినాడు. "అన్నా, ఈ బాడీతో ఇంక అయ్యేది కాదు. మిర్రర్‌లెస్‌కి పోదామనుకుంటా ఉండా. లక్షన్నర దాకా సర్దినా. ఏది తీసుకోమంటావు?" అన్నాడు. మిర్రర్‌లెస్ అంటే లోపల అద్దం లేని కొత్త తరం కెమెరా. వాడి చేతిలో ఉండేది అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్, నికాన్ డి7200. 2015లో వచ్చిన మోడలు, 24 మెగాపిక్సెళ్లు. దానికి సిగ్మా 17-50 ఎఫ్/2.8, పాత 50 ఎఫ్/1.8డి అనే రెండు లెన్సులు, ఒక ఫ్లాష్. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. తిరుపతిలో, చిత్తూరులో పెళ్లిళ్లు తీసే కుర్రాళ్ల బ్యాగుల్లో నేను తరచూ చూసే సామానే ఇది. అందుకే వాడికి చెప్పిన లెక్క అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ఏ కెమెరా అనేది తర్వాత, ముందు నువ్వు పక్కన పడేసిన ఫొటోలు తీసుకురా నైనా అన్నాను. ఆల్బమ్‌కి ఎక్కిన ఫొటోలు ఏ కెమెరావైనా బాగానే ఉంటాయి. బాడీకి ఏం చేతకాదో, మన చేతికి ఏం చేతకాదో చెప్పేవి తీసేసిన ఫొటోలే. వాడు అవి ఇంకా చెరపలేదు. మూడు పెళ్లిళ్ల ఫోల్డర్లు తెరిచి ఇద్దరం ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాం. ప్రతి ఫొటో కిందా షట్టరు (ఎంతసేపు తెరిచి ఉంది), అపర్చరు (లెన్సు ఎంత తెరుచుకుంది), ఐఎస్ఓ (వెలుతురుని ఎంత పెంచి చూపింది) చూస్తూ పోయాం.

అన్నింట్లోకీ నన్ను ఆపేసింది తిరుచానూరు దగ్గర తెల్లవారుజాము ముహూర్తంలో తీసిన ఫొటో. తెర అప్పుడే దిగుతోంది, పెళ్లికూతురి చేయి పెళ్లికొడుకు తల మీద జీలకర్ర బెల్లం పెడుతోంది. ఆ ఇంటివాళ్లకి జీవితాంతం కావలసిన క్షణం. పట్టుచీర జరీ అంచు పోగుపోగుగా లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా ఉంది. చేయి మాత్రం పొగలా చెదిరిపోయింది. వివరాలు చూస్తే షట్టరు 1/50 సెకను, ఎఫ్/2.8, ఐఎస్ఓ 1600. జరీ స్పష్టంగా ఉందంటే ఫోకస్ తప్పలేదు, కెమెరా వణకలేదు. కదిలింది చేయి. వాడు కొనాలనుకున్న మిర్రర్‌లెస్ బాడీలో సెన్సరుకి స్టెబిలైజేషన్ ఉంటుంది, నిజమే. అది మన చేతి వణుకును ఆపుతుంది గాని, పెళ్లికూతురి చేతిని ఆపదు. ఆ ఫొటోకి కావలసింది 1/160 షట్టరు, ఐఎస్ఓ 5000 చిల్లర. వాడు గ్రెయిన్‌కి, అంటే ఐఎస్ఓ పెంచితే ఫొటోలో కనిపించే చుక్కలకి, భయపడి ఐఎస్ఓ 1600 దాటనివ్వలేదు. గ్రెయిన్ ఉన్న ఫొటోని సాఫ్ట్‌వేరుతో శుభ్రం చేయొచ్చు. కదిలిపోయిన చేతిని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

ఇట్లాంటివే సగానికి పైగా ఉన్నాయి. రెండో కుప్ప, ఫోకస్ ముఖం మీద కాకుండా చెవి మీదనో వెనకున్న పూలదండ మీదనో పడినవి. అవన్నీ 50 ఎఫ్/1.8తో తీసినవే కావడంతో నాకు అనుమానం వచ్చింది. డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ చూసే సెన్సరు వేరు, ఫొటో పడే సెన్సరు వేరు. ఈ రెండింటి మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా, అపర్చరు తెరిచినప్పుడు ఫొటోలో కనిపిస్తుంది. గోడకి న్యూస్‌పేపరు అంటించి, కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి, ఒకసారి వ్యూఫైండర్‌తో, ఒకసారి లైవ్ వ్యూతో, అంటే వెనక స్క్రీను చూస్తూ, ఫోకస్ చేసి తీశాం. లైవ్ వ్యూలో అక్షరాలు కళ్లకు కొట్టినట్టు ఉన్నాయి, వ్యూఫైండర్‌తో తీసినవి మెత్తగా ఉన్నాయి. డి7200 మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ అని ఉంటుంది. కొద్దికొద్దిగా జరిపి చూసుకుంటే పావుగంటలో సరిపోయింది. పైసా ఖర్చు లేదు. మిర్రర్‌లెస్‌లో ఫోకస్ కూడా ఫొటో సెన్సరు మీదే జరుగుతుంది కాబట్టి ఈ బాధ ఉండదు. అది దాని అసలైన గొప్ప, ఒప్పుకోవాలి. కానీ మెనూలో పావుగంట పనికి లక్షన్నర పెట్టక్కర్లేదు.

మూడో కుప్ప, అడ్డంగా చారలు పడినవి. మన కరెంటు 50 హెర్ట్జ్, అందువల్ల చాలా లైట్లు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతాయి. షట్టరు 1/100 పెడితే ప్రతి ఫొటోకీ ఒక పూర్తి వెలుగు అందుతుంది. 1/250 పెడితే ఒక ఫొటో తెల్లగా, ఇంకొకటి పసుపుగా, మరొకటి చారలతో పడొచ్చు. అందుకే ఇట్లాంటి హాల్లో మనుషులు నిలకడగా ఉన్నంతసేపు 1/100, కదలిక ఉన్నప్పుడు ఫ్లాష్. స్టేజీ మీద ఎల్ఈడీ వాల్, పార్ లైట్లు ఉంటే ఈ లెక్క కుదరదు, అవి వేరే వేగంతో మిణుకుతాయి. మిర్రర్‌లెస్ కొన్నవాళ్లు చప్పుడు రాదని సైలెంట్ షట్టరు పెట్టుకుంటే ఆ చారలు ఇంకా ఎక్కువవుతాయి. ఈ విషయం కొనకముందే తెలిసి ఉండాలి.

ఇవన్నీ పక్కకు తీశాక మిగిలినవే నిజంగా బాడీ చేతకానివి. అవీ ఉన్నాయి. తలంబ్రాలప్పుడు ఇద్దరూ ఎగిరెగిరి పోస్తుంటే ముఖాన్ని వెంటాడలేక తప్పినవి కొన్ని. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాలవాళ్లు గుంపులో దూసుకొస్తుంటే, వీడు బొటనవేలితో ఫోకస్ పాయింటు జరిపేలోపు దాటిపోయినవి ఇంకొన్ని. కంటిని గుర్తుపట్టి వెంటాడే కెమెరా ఉంటే వాటిలో చాలా దక్కేవి. ఇది నేను నా కళ్లతో చూసిన తేడా. జాతరలు, పిల్లల పుట్టినరోజులు, డ్యాన్సు ప్రోగ్రాములు ఎక్కువగా తీసేవాళ్లకి నా సలహా వేరేగా ఉంటుంది.

ఇక లెక్కలోకి వద్దాం. లెన్సు ఎఫ్/2.8 నుంచి ఎఫ్/1.8కి మారితే వెలుతురు దాదాపు రెండున్నర రెట్లు పెరుగుతుంది. డి7200లో ఉండే చిన్న క్రాప్ సెన్సరు నుంచి పెద్ద ఫుల్ ఫ్రేము సెన్సరుకి మారితే సెన్సరు వైశాల్యం సుమారు 2.3 రెట్లు పెరుగుతుంది. చీకటి మండపంలో వచ్చే లాభం రెంటికీ ఇంచుమించు ఒకటే. ఒకటి మంచి లెన్సు ధర, ఇంకొకటి బాడీ ధర, ఆ బాడీ వెనకాలే వచ్చే లెన్సుల ధర. ఒక షరతు మాత్రం ఉంది. ఎఫ్/1.8లో ఇద్దరి ముఖాలు ఒకే దూరంలో లేకపోతే ఒకరు మసకబారతారు. వధూవరుల్ని పక్కపక్కన తీసేటప్పుడు ఎఫ్/2.8కి మూయక తప్పదు, అప్పుడు ఆ లాభం ఉండదు.

వాడి ముందున్న దారుల్లో మొదటిది, డి7200 అట్లాగే ఉంచి 85 ఎఫ్/1.8జి లెన్సు, ఒక ఫ్లాష్ ట్రిగ్గరు కొనడం. క్రాప్ మీద 85 అంటే ఫుల్ ఫ్రేము మీద 127 లాగా పనిచేస్తుంది. అయ్యవారికి, హోమగుండానికి అడ్డం పోకుండా దూరం నుంచే ముఖాలు నిండుగా వస్తాయి. ట్రిగ్గరు గురించి ఒక్కమాట. మన మండపాల్లో సీలింగు ఎత్తు, లేకుంటే గులాబీ రంగు, పసుపు రంగు గుడ్డలతో కప్పేసి ఉంటారు. ఫ్లాష్‌ని పైకి తిప్పి కొడితే ఆ రంగంతా ముఖాల మీదకి దిగుతుంది. ఫ్లాష్‌ని స్టాండు మీద పక్కన నిలబెట్టి ట్రిగ్గరుతో కొడితే, అదే డి7200 ఫొటో వేరే కెమెరాతో తీసినట్టు ఉంటుంది. ఎన్ని బాడీలు మార్చినా రాని తేడా అది.

రెండోది, సెకండ్ హ్యాండ్‌లో డి750. 2014లో వచ్చింది, 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేము. బ్యాటరీ అదే, ఎస్‌డీ కార్డులూ అవే, కార్డు స్లాట్లు రెండు, పాత 50 ఎఫ్/1.8డి కూడా ఆటోఫోకస్ అవుతుంది. ఇంతవరకూ మేలే. కానీ సిగ్మా 17-50 క్రాప్ లెన్సు. డి750 మీద పెడితే ఫ్రేము మధ్యభాగమే వాడుకుంటుంది, 24 మెగాపిక్సెళ్లు పదికి పడిపోతాయి. అంటే 24-120నో 24-70నో కొనాల్సిందే. ఇంకొకటి చాలామంది గమనించరు. రెండు కెమెరాల్లోనూ ఫోకస్ పాయింట్లు 51. డి7200లో అవి ఫ్రేములో చాలాభాగం పరుచుకుని ఉంటాయి. డి750లో అన్నీ మధ్యలో గుమిగూడి ఉంటాయి. అంచున ఉన్న ముఖం మీద ఫోకస్ పెట్టాలంటే మధ్యలో పెట్టి కెమెరా తిప్పాలి, ఎఫ్/1.8లో అట్లా తిప్పితే ఫోకస్ జారిపోతుంది. డి7200 నుంచి వచ్చినవాళ్లకి మొదటి నెలంతా ఇది ఇబ్బందే. నా మాట అడిగితే, లక్షన్నర చేతిలో పెట్టుకుని ఈ రోజు డి750 కొనమని చెప్పను. చవకగా రెండో బాడీ కావాలనుకునే వాళ్లకైతే ఇప్పటికీ మంచి కెమెరా.

మూడోది, వాడి మనసులో ఉన్నది: నికాన్ జెడ్6 టూ, లేకుంటే జెడ్5 టూ, దానికి పాత నికాన్ లెన్సుల్ని తగిలించే ఎఫ్‌టీజడ్ అడాప్టరు. ఫ్రేము దాదాపు అంతటా ఫోకస్, కంటిని పట్టే ఆటోఫోకస్, ఫొటో ఎట్లా పడబోతుందో వ్యూఫైండర్లోనే కనిపించడం, ఇవి నిజమైన లాభాలు. వీడియో సంగతి ఇంకా ముఖ్యం. డి7200, డి750 రెండూ ఫుల్ హెచ్‌డీ దగ్గరే ఆగిపోతాయి, లైవ్ వ్యూలో ఫోకస్ వెతుక్కుంటూ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. పెళ్లివాళ్లు 4కే వీడియో, రీల్స్ అడుగుతుంటే, ఆ డబ్బు మీ చేతికే వస్తుంటే, మిర్రర్‌లెస్‌కి మారడానికి అంతకన్నా గట్టి కారణం నాకు కనిపించదు.

ఖర్చులు మాత్రం పెట్టె మీద రాసి ఉండవు. ఎఫ్‌టీజడ్ అడాప్టరులో ఫోకస్ తిప్పే మోటారు లేదు. 50 ఎఫ్/1.8డి లాంటి పాత డి లెన్సులకి ఫోకస్ చేత్తో తిప్పుకోవలసిందే. 50 ఎఫ్/1.8జి, 85 ఎఫ్/1.8జి లాంటి, సొంత మోటారున్న ఏఎఫ్-ఎస్ లెన్సులు బాగా పనిచేస్తాయి. సిగ్మా క్రాప్ లెన్సు ఇక్కడా పది మెగాపిక్సెళ్లకే దిగుతుంది. ఇక బ్యాటరీ. ఒకే పరీక్ష పద్ధతిలో డి750కి ఒక చార్జికి 1230 ఫొటోలని లెక్క ఇస్తే, జెడ్6 టూకి వ్యూఫైండర్‌తో 340 అని ఇచ్చారు. పెళ్లిలో గబగబా తీస్తాం కాబట్టి దానికన్నా ఎక్కువే వస్తాయి గాని, రాత్రి రిసెప్షన్ నుంచి తెల్లవారి ముహూర్తం దాకా అంటే మూడు నాలుగు బ్యాటరీలు జేబులో ఉండాలి. డి7200 పాత బ్యాటరీలు జెడ్6 టూలోనూ పనిచేస్తాయి, కాకపోతే తక్కువసేపు. జెడ్6 టూలో ఒక స్లాటు సీఎఫ్ ఎక్స్‌ప్రెస్, ఒకటి ఎస్‌డీ. ఆ కార్డూ, రీడరూ విడిగా కొనాలి. 2025లో వచ్చిన జెడ్5 టూలో రెండూ ఎస్‌డీ స్లాట్లే, ప్రాసెసరు కొత్తది, చీకట్లో ఫోకస్ మైనస్ 10 ఈవీ (వెలుతురు కొలత) దాకా పడుతుందని కంపెనీ లెక్క. ఆ రెండింట్లో పెళ్లిళ్లకైతే నేను జెడ్5 టూ వైపే.

స్లాట్ల దగ్గర నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను. కొన్నేళ్ల కిందట చిత్తూరులో ఒక పెళ్లికి ఒకే స్లాటున్న బాడీతో పోయాను. మాంగల్యధారణ అయింది, తలంబ్రాలు అయ్యాయి, అప్పగింతల దగ్గర కార్డు చదవడం మానేసింది. ఎన్ని రికవరీ సాఫ్ట్‌వేర్లు వేసినా తలంబ్రాల ఫొటోలు రాలేదు. బంధువుల ఇళ్లకి తిరిగి వాళ్ల ఫోన్లలో ఉన్నవి అడిగి తెచ్చుకుని ఆల్బమ్ కట్టాను. ఆ తల్లి ఆల్బమ్ పేజీలు తిప్పుతూ, "తలంబ్రాలు ఇంతేనా నాయనా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అందుకే ఎంత మంచి కెమెరా అయినా, ఎంత చవకగా వచ్చినా, ఒకే స్లాటుంటే పెళ్లికి వద్దంటాను.

కేనన్ వాడేవాళ్లకి ఈ దారి కొంచెం సులువు. ఈఎఫ్ లెన్సుల్లో మోటారు లెన్సులోనే ఉంటుంది, అడాప్టరు వేస్తే ఆర్ వరస మిర్రర్‌లెస్ బాడీల మీద పూర్తి ఆటోఫోకస్‌తో పనిచేస్తాయి. 5డి మార్క్ త్రీ, 6డి వాడుతున్నవాళ్లు లెన్సులు అమ్మకుండానే మారొచ్చు. 2018 నాటి ఈఓఎస్ ఆర్ సెకండ్ హ్యాండ్‌లో ఊరిస్తుంది గాని, దానికి స్లాటు ఒక్కటే. ఆర్6, ఆర్6 మార్క్ టూ అయితే రెండు స్లాట్లు. సోనీ ఏ7 త్రీ కూడా 2018దే, రెండు స్లాట్లు, వీడియో ఎక్కువ చేసేవాళ్లకి ఇప్పటికీ మేలైన సెకండ్ హ్యాండ్ సరుకు. కానీ నికాన్ లెన్సులన్నీ అమ్ముకుని సోనీకి పోవడం అంటే ఇల్లు ఖాళీ చేసినట్టే, ఆ లెక్క వేరే వేసుకోవాలి.

మెగాపిక్సెళ్ల మీద మోజు వద్దు. మన ఆల్బమ్ షీటు 12×36 అంగుళాలు. సగం షీటు, అంటే 12×18, నిండుగా ఒక ఫొటో వేస్తే 300 డీపీఐకి 5400×3600, సుమారు 19 మెగాపిక్సెళ్లు చాలు. డి7200 ఇచ్చేది 6000×4000. 45 మెగాపిక్సెళ్ల బాడీ కొంటే హార్డ్‌డిస్కులు, కంప్యూటరు కూడా వెంటపడతాయి.

పక్షుల కోసం సూళ్లూరుపేట దగ్గర నేలపట్టుకి పోయేవాళ్లకి ఈ లెక్క తిరగబడుతుంది. గూడబాతులు దూరంగా చెట్ల మీద ఉంటాయి, అక్కడ క్రాప్ సెన్సరే వరం. 200-500 ఎఫ్/5.6 లెన్సు డి7200 మీద 750 లాగా అందుకుంటుంది. వేగం చాలకపోతే 2016 నాటి డి500 సెకండ్ హ్యాండ్‌లో చూడండి, సెకనుకి 10 ఫొటోలు. మిర్రర్‌లెస్సే కావాలంటే పక్షుల్ని గుర్తుపట్టేది జెడ్5 టూ. జెడ్6 టూ గుర్తుపట్టే జంతువులు కుక్కలు, పిల్లులే.

సెకండ్ హ్యాండ్ కోసం చెన్నై బస్సు ఎక్కేవాళ్లు మీ ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి. నికాన్ బాడీతో ఒక జేపెగ్ తీసి చూస్తే షట్టరు కౌంటు, అంటే ఇంతవరకూ ఎన్ని క్లిక్కులు కొట్టారో, అందులోనే దొరుకుతుంది. కేనన్‌లో చాలా మోడళ్లకి విడిగా సాఫ్ట్‌వేరు కావాలి. డి7200కీ డి750కీ కంపెనీ పరీక్షించిన లెక్క లక్షన్నర క్లిక్కులు. పెళ్లికి 2500 చొప్పున ఏడాదికి 40 పెళ్లిళ్లు తీస్తే లక్ష. అంటే పెళ్లిళ్లు తీసినవాడి రెండేళ్ల కెమెరా, ఇంట్లో ఉన్నవాడి పదేళ్ల కెమెరా కన్నా ముసలిది. అపర్చరు ఎఫ్/16 పెట్టి తెల్లగోడని తీసి మచ్చలు చూడండి. లెన్సు మూత తీసి లోపలికి టార్చి కొట్టి ఫంగస్ చూడండి. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానల్లో వారం రోజులు బ్యాగు తెరవకుండా వదిలేసినందుకు నా 50 లెన్సులో సాలెగూడులా పట్టింది. అప్పట్నించీ సామానంతా సిలికా జెల్ వేసిన గాలి దూరని డబ్బాలోనే. డి750 అయితే సీరియల్ నంబరు అడిగి పెట్టుకోండి, మొదటి తయారీల్లో కొన్నిటికి షట్టరు లోపమని కంపెనీయే పిలిచి మార్చింది, ఆ పని అయిందో లేదో తెలుసుకోవాలి. కొత్తది కొనేవాళ్లు బిల్లు లేని గ్రే మార్కెట్ పీసు జోలికి పోవద్దు. కెమెరాల మీద జీఎస్‌టీ 18 శాతం, మీ స్టూడియోకి రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లు మీద ఆ మొత్తం క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది.

ఎప్పుడు కొనాలి అంటే, ఆషాఢంలో. ముహూర్తాలుండవు, కొత్త కెమెరా బటన్లు చేతికి అలవాటు కావడానికి నెల దొరుకుతుంది. మాఘంలో, వరసగా ముహూర్తాలున్న వారంలో కొత్త బాడీ కొని నేరుగా మండపంలో తెరిచినవాళ్లని చూశాను, మెనూ వెతుక్కుంటూ సూత్రధారణ పోగొట్టుకున్నారు. కొనకముందు ఒక రోజు అద్దెకి తీసుకుని మీ లెన్సులతోనే తీసి చూడండి. అద్దె డబ్బులు దండగ కావు.

మావాడు చివరికి 85 ఎఫ్/1.8జి, ట్రిగ్గరు తీసుకున్నాడు. ఆ లెన్సు రేపు అడాప్టరు మీదా ఆటోఫోకస్‌తో పనిచేస్తుంది కాబట్టి ఎటుపోయినా నష్టం లేదు. మిగిలిన డబ్బు బ్యాంకులో వేసి, శ్రావణంలో చంద్రగిరి పెళ్లికి జెడ్5 టూ ఒక రోజు అద్దెకి తెచ్చాడు. తలంబ్రాలు దాంతో, జీలకర్ర బెల్లం డి7200తో తీసి, రెండింట్లో తీసేసిన ఫొటోలు కూడా పట్టుకొచ్చాడు. తలంబ్రాల్లో జెడ్5 టూకి తప్పినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జీలకర్ర బెల్లంలో ఏది ఏ కెమెరాదో వాడు చెప్పేదాకా నేను పోల్చుకోలేకపోయాను. డి7200 షట్టరు కౌంటు 1,12,000 దగ్గరుంది. కార్తీకం ముహూర్తాలు అయ్యేసరికి లక్షన్నర దరిదాపులకు చేరుతుంది, అప్పుడు జెడ్5 టూ కొంటానన్నాడు, సరేనన్నాను. పాత బాడీ అమ్ముతానంటే మాత్రం వద్దన్నాను. ముహూర్తం నడుస్తుండగా ఒక కెమెరా మొరాయిస్తే, భుజాన ఇంకొకటి వేలాడుతూ ఉండాలి.